ఒడ్డున పెట్టిన లెక్క

పాలకొల్లు కాలవ ఆఫీసులో మూడో గది.
గోడ మీద పాత వరద గీత, నా మోకాలికి కాస్త పైన.
అంతకన్నా ఎత్తులో, చెక్కబల్ల మీద,
నలభై ఎనిమిది టెరాబైట్ల డిస్కుల పెట్టె.
డెల్టా అంతా అందులో ఉంది,
ప్రతి లాకు, ప్రతి తూము, ప్రతి పంటబోదె,
డ్రోను తీసిన ఫొటోలు, చెద తినగా మిగిలిన పటాలు.

మొన్నటి గాలివానకి కరెంటు
మూడుసార్లు పోయి రెండుసార్లే వచ్చింది.
అప్పట్నుంచి పెట్టె తెరుచుకోదు.
ముందు సరిచూడు, అంటుంది.
సరిచూడమన్నాను.

పదకొండు కోట్ల ఫైళ్లు.
పదహారు జీబీల మెమరీ.
ఒక్కోదాన్నీ తట్టి లేపి,
నువ్వెవరి తాలూకు, నీకెన్ని పేర్లు,
నీ చోటులో ఇంకెవరన్నా కూర్చున్నారా
అని అడిగి, గుర్తుపెట్టుకుని, పక్కదానికెళ్లాలి.
అరవై ఒకటో శాతం దగ్గర
తెర మీద ఒకే మాట: కిల్డ్.
చంపబడింది. కర్మణి ప్రయోగం,
చంపినవాడి పేరుండదు.
లాగు తిరగేస్తే దొరికాడు, కెర్నలే.
మెమరీ చాలక, ఇంటివాడే, ఇల్లు నిలబెట్టుకోడానికి.

మళ్లీ పెట్టాను. మళ్లీ అరవై ఒకటి.
విజయవాడకి ఫోన్ చేస్తే
ఇండెంటు పంపండి, మార్చి దాటాక చూద్దాం, అన్నారు.
ఇది ఆగస్టు.

రాత్రి కాపలా లస్కరు గుబ్బల ఏసుపాదం,
రిటైరవడానికి ఏడు నెలలుంది,
టీ గ్లాసు బల్ల మీద పెట్టి
ఏటండమ్మా, మళ్లీ మునిగిందా, అన్నాడు.
చెప్పాను. ఎంత అర్థమైందో.

"లాకులో పడవలు తిరిగే రోజుల్లో
మా నాన్న లెక్క రాసేవోడండి.
వచ్చిన పడవ వచ్చినట్టు పోతే
గోడ మీద బొగ్గుతో చుక్క, అంతే.
పడవొకడిది, సరుకింకొకడిది,
అలాంటి తగువు పడవల పేర్లే పుస్తకంలోకెక్కేవి.
అన్నీ బుర్రలో పెట్టుకుంటే
బుర్రేం మిగుల్తాదండి?"

పుస్తకం నిండిపోతే?

"ఒడ్డున షెడ్డులో పెట్టేసేవోడు.
కావాల్సొస్తే లేచెళ్లి చూసుకునేవోడు.
ఆలీసం అయ్యేది.
మునగడం కన్నా ఆలీసం నయం కదండీ."

ఈ మాట మాన్యువల్లో మధ్యాహ్నమే చదివాను.
నమ్మలేదు. నెమ్మదిస్తుందని రాసి ఉంటే
పేజీ తిప్పేశాను.
ఇప్పుడు నా ల్యాప్‌టాప్ విప్పి
అందులో డిస్కు ఊడదీసి తగిలించాను.
లెక్కలు తలలో కాదు, ఇక్కడ పెట్టుకో
అని రెండు వరుసలు రాశాను.

గంటకి ఒక శాతం. ఒక్కోసారి అదీ లేదు.
ఊడ్పుల కాలం. కిటికీ బయట ఎవరో
నీళ్ల వంతు మాకింకా రాలేదని
ఏఈ గారితో గొడవ పడుతున్నారు.
నేను మజ్జిగన్నం తిని
యాభై ఎనిమిదిని చూస్తూ కునికాను.
అరవై దగ్గర ఏసుపాదం కుర్చీ లాక్కున్నాడు.
అరవై ఒకటి.
ఫ్యాను కూడా ఆగినట్టనిపించింది.
నిజంగానే ఆగింది, కరెంటు పోయింది.
యూపీఎస్ కుయ్యిమంటోంది.
జనరేటరుకి తాడు లాగుతూ ఆయన
ఏ దేవుణ్ణి తిట్టాడో వినపడలేదు.
అరవై రెండు.

ఐదో రోజు పెట్టె తెరుచుకుంది.
ఒక మూల ఫోల్డరులో
రెండు వేల నూట పద్నాలుగు,
పేర్లు రాలిపోయి అంకెలు మిగిలినవి.
మొదటిది తెరిచాను.
ఏదో తూము. షట్టరుకి సగం దాకా పచ్చరంగు.
పైన నీటికాకి.
ఇలాంటివి డెల్టాలో ఎన్ని వందలో.

ఆయన కళ్లజోడు తుడుచుకుని
తెర మీద వేలు పెట్టాడు.
"కొండేటోరి తూమండి ఇది.
ఈ రంగు నేనే ఏశాను.
మధ్యలో డబ్బా అయిపోయింది,
రెండోది శాంక్షన్ అవలేదు."

టైపు చేశాను: కొండేటివారి తూము.

ఇంకా రెండు వేల నూట పదమూడు.
ఏడు నెలలు.